ఒప్పందంలో ఏ అంకెను నమ్మాలి? ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాడి ముందున్న దారుల పోలిక

ప్రతి మార్చిలో అమెరికన్ ఫుట్‌బాల్ పోటీలు నడిపే ఎన్‌ఎఫ్‌ఎల్ కొత్త లీగ్ సంవత్సరం మొదలవగానే వార్తల్లో పెద్ద పెద్ద అంకెలు కనిపిస్తాయి. ఫలానా రిసీవర్‌కు (విసిరిన బంతి అందుకునేవాడు) నాలుగేళ్లకు 8 కోట్ల డాలర్లు, ఫలానా కార్నర్‌బ్యాక్‌కు (ప్రత్యర్థి రిసీవర్లను అడ్డుకునేవాడు) మూడేళ్లకు 6 కోట్లు అని చదివినవారు ఆ సొమ్మంతా అతని చేతికి అందుతుందనే అనుకుంటారు. బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలోనూ, మేజర్ లీగ్ బేస్‌బాల్‌లోనూ ఆ అంచనా చాలావరకు నిజమే. అమెరికన్ ఫుట్‌బాల్‌లో అది నిజం కాదు. ఇక్కడ క్లబ్ ఆటగాణ్ణి తొలగిస్తే, ఒప్పందంలో మిగిలిన ఏళ్ల జీతంలో హామీ లేని భాగమంతా ఆ రోజుతో రద్దయిపోతుంది. క్లబ్‌ను నాలుగేళ్లూ కట్టిపడేసే శక్తి ఆ కాగితానికి లేదు. ఆటగాడు మాత్రం ఆ నాలుగేళ్లూ మరో జట్టుకు ఆడలేడు. అందువల్ల రెండు ప్రతిపాదనలు చేతికొచ్చినప్పుడు వాటి మొత్తాలను పక్కపక్కన పెట్టి పెద్దదాన్ని ఎంచుకోవడం ఆటగాళ్లకు చాలా నష్టం తెచ్చిన అలవాటు.

ముందు హామీ అనే మాటను విడదీసి చూడాలి. ఎన్‌ఎఫ్‌ఎల్ ఒప్పందాల్లో అది మూడు రకాలు. ఆటతీరు పడిపోయిందని తొలగించినా సొమ్ము ఇవ్వడం నైపుణ్య హామీ. గాయం వల్ల ఆడలేక తొలగించబడితే ఇవ్వడం గాయం హామీ. జట్టు మొత్తం జీతాల పరిమితి, అంటే శాలరీ క్యాప్, కింద సర్దుబాటు కోసం తొలగించినా ఇవ్వడం క్యాప్ హామీ. సంతకం చేసిన రోజునే ఈ మూడూ ఉన్న సొమ్మును మాత్రమే పూర్తి హామీ అనాలి. వార్తల్లో వచ్చే ‘హామీ మొత్తం’ అనే అంకెలో మాత్రం గాయానికే పరిమితమైన సొమ్మును కూడా కలిపి చెబుతారు. ఏజెంటుకు ఆ అంకె పెద్దగా కనిపించడం మేలు, క్లబ్‌కు దాని వల్ల వచ్చే కష్టమేమీ లేదు, కాబట్టి దాన్ని సరిదిద్దవలసిన అవసరం ఇద్దరికీ ఉండదు.

రెండు కాగితాలు, ఒకే ఆటగాడు

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. ఆటగాడికి 26 ఏళ్లు, కార్నర్‌బ్యాక్, మొదటి ఒప్పందం ముగిసింది. మొదటి క్లబ్ నాలుగేళ్లకు 8 కోట్ల డాలర్లు ఇస్తానంటోంది. అందులో సంతకం చేసినందుకు ఇచ్చే సైనింగ్ బోనస్ 1.6 కోట్లు, మొదటి ఏడాది జీతం 40 లక్షలు. ఈ రెండింటికీ పూర్తి హామీ ఉంది. రెండో ఏడాది జీతం 2 కోట్లకు సంతకం నాటికి గాయం హామీ మాత్రమే ఉంది. రెండో లీగ్ సంవత్సరం అయిదో రోజున అతను ఇంకా జట్టులో ఉంటేనే అది పూర్తి హామీగా మారుతుంది. మూడు, నాలుగు ఏళ్లకు చెరో 2 కోట్లు, హామీ ఏమీ లేదు. వార్తల్లో ఇది ‘8 కోట్లు, 4 కోట్ల హామీ’ అని వస్తుంది.

రెండో క్లబ్ మూడేళ్లకు 5.7 కోట్లు ఇస్తానంటోంది. సైనింగ్ బోనస్ 1.5 కోట్లు, మొదటి ఏడాది జీతం 50 లక్షలు, రెండో ఏడాది జీతం 1.8 కోట్లు, మూడింటికీ సంతకం నాడే పూర్తి హామీ. మూడో ఏడాది 1.9 కోట్లకు హామీ లేదు. ఇది ‘5.7 కోట్లు, 3.8 కోట్ల హామీ’ అని వస్తుంది. పైపైన చూస్తే మొదటిదే మొత్తంలోనూ హామీలోనూ మిన్న.

ఇప్పుడు ఏడాది తరువాత ఏమవుతుందో చూడండి. మొదటి క్లబ్‌కు కొత్త కోచ్ వచ్చి, ఆటగాడు తన పద్ధతికి సరిపోడని భావించి అయిదో రోజుకు ముందే తొలగిస్తే, ఆటగాడికి దక్కేది 2 కోట్లు. అదే పని రెండో క్లబ్ చేస్తే 3.8 కోట్లు. ఇద్దరూ రెండేళ్లు ఉంచుకుంటే మొదటి క్లబ్ నుంచి 4 కోట్లు, రెండో క్లబ్ నుంచి 3.8. మూడేళ్లూ ఆడితే 6 కోట్లు, 5.7. అంటే అంతా సవ్యంగా జరిగితే మొదటి ఒప్పందం వల్ల వచ్చే అదనపు లాభం మూడేళ్లకు 30 లక్షలు. ఒక్క మార్చి నెల తప్పితే వచ్చే నష్టం 1.8 కోట్లు. పైగా రెండో కాగితం మీద సంతకం చేసినవాడు 29 ఏళ్ల వయసులో ఏ జట్టుతోనైనా బేరమాడేలా మళ్లీ బజారులోకి రాగలడు. మొదటివాడు హామీ లేని నాలుగో ఏడాదికి కట్టుబడి, బాగా ఆడితే తక్కువ జీతానికి ఉండిపోతాడు, ఆడకపోతే బయటికి పోతాడు.

గాయం హామీ ఉంది కదా అనే వాదనకు ఇక్కడే జవాబు చెప్పాలి. ఆ హామీ పనిచేయాలంటే తొలగించే రోజున ఆటగాడు వైద్య పరీక్షలో విఫలం కావాలి. డిసెంబరులో తొడ కండరం చీలి, మార్చికి మానిపోయి, పరీక్షలో నెగ్గినా మునుపటి వేగం కాస్త తగ్గిన ఆటగాడి సంగతి ఆలోచించండి. వైద్యుడి దృష్టిలో అతను ఆరోగ్యవంతుడు, కోచ్ దృష్టిలో నెమ్మదించినవాడు. అతనికి ఆ 2 కోట్లలో ఒక్క డాలరూ రాదు. ఈ ఆటలో గాయాలు ఎక్కువగా ఇలాగే ముగుస్తాయి, అందుకే గాయం హామీని హామీ లెక్కలో సగం విలువకైనా తీసుకోవడానికి నేను వెనుకాడతాను.

హామీ ఎప్పుడు పక్కా అవుతుందనే తేదీని అంకెతో సమానంగా బేరమాడాలి. ఆ తేదీ లీగ్ సంవత్సరం మూడో రోజో అయిదో రోజో అయితే కొంత మేలు, ఎందుకంటే క్లబ్ త్వరగా తేల్చుకోవాలి, తొలగించినా అప్పుడే బజారు మొదలై డబ్బు మిగిలి ఉంటుంది. ఆగస్టు దాకా సాగదీసే షరతు ఉంటే ఒప్పుకోకూడదు. అప్పటికి ఏ జట్టు దగ్గరా క్యాప్‌లో చోటుండదు. అన్నిటికన్నా మేలైనది ఒక ఏడాది ముందే పక్కా అయ్యే హామీ. కాన్సాస్ సిటీ చీఫ్స్‌తో ప్యాట్రిక్ మహోమ్స్ 2020 జూలైలో చేసుకున్న పదేళ్ల, 45 కోట్ల డాలర్ల పొడిగింపు ఈ పద్ధతి మీదే నిలబడింది. సంతకం నాటి పూర్తి హామీ దాదాపు 6.3 కోట్లే అయినా, ప్రతి ఏడాది సొమ్ము అంతకు ముందు లీగ్ సంవత్సరం మూడో రోజునే పక్కా అవుతుంది. ఆయన్ను వదిలించుకోవాలంటే క్లబ్ ఎప్పుడూ ఒక పెద్ద మొత్తాన్ని వదులుకోవాల్సిందే.

పొడవైన ఒప్పందమా, పొట్టిదా

మహోమ్స్ ఉదాహరణను చూసి పొడవే భద్రత అనుకోకూడదు. శాలరీ క్యాప్ ఒక్కో జట్టుకు 2020లో 19.82 కోట్ల డాలర్లు. కోవిడ్ వల్ల 2021లో 18.25 కోట్లకు తగ్గింది. 2025 నాటికి 27.92 కోట్లకు చేరింది. ఇంత వేగంగా పెరిగే బజారులో పదేళ్లకు ధర కట్టుకున్నవాడు నాలుగో ఏటికే వెనకబడతాడు. మహోమ్స్ విషయంలోనూ 2023లో క్లబ్ ఒప్పందాన్ని తిరగరాసి ముందు ఏళ్లలోకి సొమ్ము జరపవలసి వచ్చింది. ఆయన స్థాయి ఆటగాడికి క్లబ్ తనంతట తానే అలా చేస్తుంది, మిగతావారికి చేయదు.

దీనికి పూర్తి వ్యతిరేకమైన దారి కర్క్ కజిన్స్‌ది. 2012లో కొత్త ఆటగాళ్ల ఎంపిక (డ్రాఫ్ట్)లో నాలుగో రౌండులో ఎంపికైన ఈ క్వార్టర్‌బ్యాక్‌పై (జట్టు దాడిని నడిపి బంతి విసిరేవాడు) వాషింగ్టన్ క్లబ్ 2016లో ఫ్రాంచైజ్ ట్యాగ్ వేసింది. ట్యాగ్ అంటే, ఒప్పందం ముగిసిన ఆటగాణ్ణి బజారులోకి వెళ్లనీయకుండా అతని స్థానంలో అత్యధిక జీతాల ఆధారంగా లెక్కగట్టిన ఒక్క ఏడాది జీతంతో నిలిపి ఉంచే హక్కు. సంతకం చేయగానే ఆ ఏడాది జీతానికి పూర్తి హామీ వస్తుంది. రెండోసారి వేస్తే కనీసం 120 శాతం ఇవ్వాలి, మూడోసారైతే కనీసం 144 శాతం. కజిన్స్‌కు 2016లో 1.995 కోట్లు, 2017లో 2.394 కోట్లు దక్కాయి. మూడో ట్యాగ్ ఖరీదు దాదాపు 3.45 కోట్లు అయ్యేది కాబట్టి వాషింగ్టన్ వదిలేసింది; 2018 మార్చిలో మిన్నెసోటా వైకింగ్స్ ఆయనకు మూడేళ్లకు 8.4 కోట్లు, మొత్తం పూర్తి హామీతో ఇచ్చింది. పొట్టి ఒప్పందం, ప్రతి డాలరూ ఖాయం, ముగియగానే మళ్లీ బేరం. నా అంచనాలో ఆయన తరం ఆటగాళ్లలో తన ఆట విలువకు మించి సంపాదించినవారు కజిన్స్‌లా చాలా తక్కువమంది ఉన్నారు, దానికి కారణం ఆయన బేరంలో చూపిన ఓపిక.

ట్యాగ్ కింద ఆడాలా, కూర్చోవాలా, దొరికినదానికి సంతకం పెట్టాలా

ఈ ప్రశ్నకు జవాబు స్థానాన్ని బట్టి మారుతుంది. డ్యాక్ ప్రెస్కాట్ 2020లో డాలస్ కౌబాయ్స్ దీర్ఘకాల ప్రతిపాదనకు ఒప్పుకోకుండా 3.14 కోట్ల ట్యాగ్ కింద ఆడారు. అక్టోబరు 11న ఆర్లింగ్టన్‌లో, సీజన్ అయిదో ఆటలో, ఆయన కుడి చీలమండ విరిగి తొలగిపోయింది. డాలస్ చుట్టుపక్కల ఉండే తెలుగువారిలో ఆ సాయంత్రం టీవీ ముందు కూర్చున్నవారికి, బండి మీద పడుకోబెట్టి తీసుకెళ్తుండగా ఆయన ఏడవడం గుర్తుండే ఉంటుంది. ఆ ఏడాది జీతం ఆయనకు పూర్తిగా వచ్చింది, 2021 మార్చిలో అదే క్లబ్ నాలుగేళ్లకు 16 కోట్లు, అందులో 12.6 కోట్ల హామీ, 6.6 కోట్ల సైనింగ్ బోనస్ ఇచ్చింది. ఆ కాగితంలో మరో చిన్న వాక్యం ఉంది: ఇకపై ఈ ఆటగాడిపై ఫ్రాంచైజ్ ట్యాగ్ వేయరాదు. మూడేళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోని ఆ వాక్యం వల్లే 2024 సెప్టెంబరు నాటికి క్లబ్ చేతిలో బేరమాడే ఆయుధమేదీ మిగల్లేదు. ఏడాదికి 6 కోట్ల చొప్పున నాలుగేళ్లకు 24 కోట్లు, 23.1 కోట్ల హామీతో ఆయన సంతకం చేశారు. రెండో ఒప్పందం మాట్లాడుకునే ప్రతి ఆటగాడూ కొన్ని లక్షలు తగ్గించుకునైనా ఈ వాక్యాన్ని అడగాలని నేను గట్టిగా చెబుతాను.

క్వార్టర్‌బ్యాక్ గాయపడినా అతని కోసం బజారు ఎదురుచూస్తుంది. బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ కోసం ఎదురుచూడదు. లెవియాన్ బెల్ 2018లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ వేసిన 1.45 కోట్ల రెండో ట్యాగ్‌ను కాదని ఏడాది మొత్తం ఆడలేదు. 2019లో న్యూయార్క్ జెట్స్ నాలుగేళ్లకు 5.25 కోట్లు, 3.5 కోట్ల హామీతో తీసుకుంది, 2020 అక్టోబరులో తొలగించింది. వదులుకున్న ఆ ఏడాది జీతం మళ్లీ ఎక్కడా పూడలేదు. తన శరీరాన్ని కాపాడుకోవాలన్న ఆయన ఆలోచనలో తప్పు లేదు. ఆ స్థానానికి లీగ్ కట్టే ధరలోనే అన్యాయం ఉంది. అయినా ఎంపిక చేసుకోవలసింది ఉన్న బజారులోనే కనుక, రన్నింగ్ బ్యాక్‌కు నా సలహా ట్యాగ్ కింద ఆడమనే. సక్వాన్ బార్క్లీ 2023లో న్యూయార్క్ జయింట్స్ వేసిన 1.01 కోట్ల ట్యాగ్‌తో అసంతృప్తిగానే, చిన్న ప్రోత్సాహకాలు కలిపించుకుని ఆడారు. మరుసటి మార్చిలో బజారులోకి వచ్చి ఫిలడెల్ఫియా ఈగల్స్‌తో మూడేళ్లకు 3.775 కోట్లు, 2.6 కోట్ల హామీతో కుదుర్చుకున్నారు. 2024లో 2,005 గజాలు పరుగెత్తి, లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచాక, 2025 మార్చిలో మరో రెండేళ్లకు 4.12 కోట్లు, అందులో 3.6 కోట్ల హామీ సంపాదించారు.

పూర్తి హామీ అడిగితే క్లబ్ చెప్పే మాట

2022 మార్చిలో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ డెషాన్ వాట్సన్‌కు అయిదేళ్లకు 23 కోట్ల డాలర్లు పూర్తి హామీతో ఇచ్చింది. ఇరవైమందికి పైగా మహిళలు ఆయనపై లైంగిక దుష్ప్రవర్తన దావాలు వేసి ఉన్న సమయంలో ఆ ఒప్పందం రావడం చాలామందిని కలచివేసింది, ఆ బాధ సరైనదే. మిగతా క్లబ్ యజమానులకు పట్టిన దిగులు మాత్రం వేరు: ఇదే ఆనవాయితీ అవుతుందేమోనని. మరుసటి ఏడాది, అత్యంత విలువైన ఆటగాడి పురస్కారం అప్పటికే అందుకున్న లమార్ జాక్సన్ పూర్తి హామీ కోరినప్పుడు, ఆయనపై వేసిన ట్యాగ్ ఇతర జట్లు కూడా ప్రతిపాదన ఇవ్వడానికి వీలు కల్పించే రకమే అయినా ఒక్కటీ ముందుకు రాలేదు. చివరికి 2023 ఏప్రిల్‌లో బాల్టిమోర్ రేవెన్స్‌తో అయిదేళ్లకు 26 కోట్లు, 18.5 కోట్ల హామీతో ఒప్పుకున్నారు. ఆటగాళ్ల సంఘం క్లబ్బులు కుమ్మక్కయ్యాయని ఆరోపించింది. 2025 జనవరిలో మధ్యవర్తి తీర్పు చెబుతూ, హామీలు తగ్గించమని లీగ్ యాజమాన్య మండలి క్లబ్బులను ప్రోత్సహించిందని గుర్తించారు, కాని క్లబ్బులు అందుకు అనుగుణంగా కలిసి నడిచాయనడానికి చాలినంత ఆధారం లేదన్నారు. వాట్సన్ తరువాత ఆ స్థాయి క్వార్టర్‌బ్యాక్ ఎవరికీ నూటికి నూరు శాతం హామీ రాలేదు. 2025 మార్చిలో జోష్ అలెన్‌కు కూడా 33 కోట్లలో 25 కోట్లే హామీ.

బేరంలో క్లబ్ తరచూ చెప్పే సాకు ఒకటుంది: భవిష్యత్ ఏళ్లకు హామీ ఇచ్చిన సొమ్ములో అధిక భాగాన్ని ముందే వేరుగా డిపాజిట్ చేయాలనే నిబంధన ఉంది, అంత నగదు మా దగ్గర లేదు అని. క్లబ్బులు దివాలా తీసే భయం ఉన్న రోజుల్లో ఆటగాళ్ల రక్షణకు పుట్టిన నిబంధన అది. 2021లో లీగ్ కుదుర్చుకున్న టీవీ ఒప్పందాల విలువ 10,000 కోట్ల డాలర్లు దాటింది. అలాంటి వ్యాపారంలో ఆ సాకుకు ఇప్పుడు బలం లేదు. ఆ మాట వినగానే మొత్తాన్ని తగ్గించుకుని వెనక్కి రాకుండా, రెండో ఏడాది హామీ తేదీని ముందుకు జరపమని అడగడం తెలివైన పని.

కొత్తగా లీగ్‌లోకి వచ్చేవారి జీతాలు 2011 నుంచి ఎంపిక క్రమాన్ని బట్టి దాదాపు స్థిరపడిపోయాయి కాబట్టి వారికి బేరమాడే చోటు హామీ ఒక్కటే. 2025లో రెండో రౌండు మొదట్లో ఎంపికైన జేడెన్ హిగ్గిన్స్‌కు హ్యూస్టన్ టెక్సన్స్ నాలుగేళ్లూ పూర్తి హామీ ఇచ్చాక, ఆ రౌండులోని 32 మందిలో 30 మంది జూలై మధ్య వరకు సంతకం చేయకుండా ఆగారు. అలా ఆగినందువల్ల పలువురికి ఎక్కువ హామీ దక్కింది. పై వరుసలో ఎంపికైనవారు ఆగడం మేలు. అయిదు, ఆరు రౌండ్లవారు ఆగితే చోటే పోతుంది.

చిన్న అక్షరాల్లో ఉండే నాలుగు సంగతులు

ఆఫ్‌సెట్ అనే షరతు ఉంటే, తొలగించబడ్డ ఆటగాడు కొత్త క్లబ్ దగ్గర సంపాదించినదాన్ని పాత క్లబ్ తన బాకీలోంచి తగ్గించుకుంటుంది. 2024లో డెన్వర్ బ్రాంకోస్ తొలగించిన రసెల్ విల్సన్‌కు ఆ ఏడాదికి 3.9 కోట్లు రావలసి ఉంది. స్టీలర్స్ ఆయన్ను కనీస వేతనం 12.1 లక్షలకే తీసుకుంది, ఎందుకంటే ఎక్కువ ఇచ్చినా లాభం డెన్వర్‌కే గాని విల్సన్‌కు కాదు. ఆఫ్‌సెట్ లేని 3.5 కోట్ల హామీ, ఆఫ్‌సెట్ ఉన్న 3.8 కోట్లకన్నా యువ ఆటగాడికి విలువైనది, ఎందుకంటే అతన్ని మరో క్లబ్ నిజమైన జీతానికే తీసుకుంటుంది.

హామీ రద్దు షరతులు ఇంకా ప్రమాదకరం. 2019 సెప్టెంబరులో ఆంటోనియో బ్రౌన్‌పై ప్రవర్తన పేరిట వేసిన జరిమానాతో ఓక్లాండ్ రైడర్స్ దాదాపు 3 కోట్ల హామీని రద్దు చేయగలిగింది. సస్పెన్షన్ వల్ల ఆ ఏడాది హామీ మాత్రమే పోయేలా రాయించుకోవాలి, అన్ని ఏళ్లదీ పోయేలా ఉంటే సంతకం చేయకూడదు.

ప్రతి ఆటకూ జట్టులో ఉంటేనే ఇచ్చే రోస్టర్ బోనస్ జీతంలో భాగంగా కనిపిస్తుంది, గాయపడి కూర్చున్న ఆదివారాలకు అది రాదు. అలాంటి సొమ్మును పోలికలో పక్కన పెట్టండి.

ఇక పన్ను. ఇది టెక్సస్‌కో కాలిఫోర్నియాకో ఉద్యోగం మారాలని లెక్కలు వేసుకున్న మనవాళ్లకు బాగా తెలిసిన సంగతే. టెక్సస్, ఫ్లోరిడాలలో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, కాలిఫోర్నియాలో గరిష్ఠ రేటు 13.3 శాతం. ఆటగాడి జీతం మీద ఏ రాష్ట్రంలో ఎన్ని రోజులు పనిచేశాడో చూసి పన్ను వేస్తారు. షరతులు లేని సైనింగ్ బోనస్ మీద మాత్రం సాధారణంగా అతని నివాస రాష్ట్రానిదే హక్కు. ఫ్లోరిడాలో ఇల్లున్న ఆటగాడు శాన్ ఫ్రాన్సిస్కో జట్టులో చేరుతుంటే, అదే మొత్తంలో సైనింగ్ బోనస్ వాటా పెంచమని అడగడం వల్ల క్లబ్‌కు పెద్దగా భారం పడకుండానే అతనికి లక్షలు మిగులుతాయి. మిగిలిన ఏళ్లు ఆడకుండా విరమిస్తే ఆ బోనస్‌లో భాగం వెనక్కి అడిగే హక్కు క్లబ్‌కు ఉంటుందని మాత్రం మరవకూడదు. 2019లో విరమించిన ఆండ్రూ లక్‌ను ఇండియానాపొలిస్ కోల్ట్స్ 2.48 కోట్లు ఉంచుకోనిచ్చింది. డెట్రాయిట్ లయన్స్ మాత్రం కాల్విన్ జాన్సన్ నుంచి 10 లక్షలకు పైగా తిరిగి తీసుకుంది.

ఏజెంట్ విషయానికొస్తే, సంఘం నిబంధన ప్రకారం రుసుము 3 శాతం మించరాదు, అదీ ఆటగాడికి నిజంగా అందిన సొమ్ము మీదే. జాక్సన్ ఏజెంట్ లేకుండా తల్లి సాయంతో బేరమాడారు, ఆయన జట్టులోనే ఉన్న రోక్వాన్ స్మిత్ 2023లో తనంతట తానే అయిదేళ్లకు 10 కోట్లు కుదుర్చుకున్నారు. ధర దాదాపు అందరికీ తెలిసిన అగ్రశ్రేణి ఆటగాళ్లకు ఇది సాధ్యమే. మధ్య తరగతి ఆటగాడికి మాత్రం పైన చెప్పిన మార్చి తేదీలు, ఆఫ్‌సెట్, రద్దు షరతులను రోజూ చదివే మనిషి అవసరం. మన ఉదాహరణలోని 5.7 కోట్ల మీద గరిష్ఠ రుసుము 17.1 లక్షలు, రెండో ఏడాది 1.8 కోట్లకు సంతకం నాడే హామీ తెచ్చిన ఏజెంటుకు అది తక్కువే. ఏజెంటును ఎంచుకునే ముందు, అతను ఇదివరకు చేయించిన ఒప్పందాల్లో రెండో ఏడాది సొమ్ము ఏ తేదీన పక్కా అయిందో అడిగి, కాగితం చూపించమనండి.